నింగికి దూరం లేదు, నేలకి బరువు లేదు

ఈ మధ్య వస్తున్న అంతరిక్షం సినిమాలు చూస్తుంటే ఒళ్లు మండుతోంది. హీరో ఒక గ్రహం మీద ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. నౌక ఎక్కి మీట నొక్కుతాడు. తెర మీద తెల్లటి గీతలు జుయ్యిమంటాయి. మరుక్షణం ఇంకో గ్రహం మీద తుపాకీ పట్టుకుని పరిగెడుతూ కనిపిస్తాడు. మధ్యలో ఎంత దూరం పోయాడు? ఎన్నాళ్లు పట్టింది? ఏం తిన్నాడు, ఎలా పడుకున్నాడు? వదిలొచ్చిన నేల వెనక్కి తిరిగి చూస్తే ఎంత చిన్నదైపోయింది? ఒక్కదానికీ జవాబుండదు. అడిగితే 'కథ పరిగెత్తాలి కదండీ' అంటారు. పరిగెత్తడానికైనా కాలికింద నేల ఉండాలి కదా!

మా రోజుల్లో ఇలాంటి సినిమా చూడాలంటే సికింద్రాబాద్ సంగీత్ లాంటి పెద్ద తెర ఉన్న హాలుకి పోవాలి. లేదంటే మా ఊరి టాకీసులో మార్నింగ్ షోకి, గీతలు పడిన పాత ప్రింటు వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. అమెరికాలో ఆడేసిన ఎన్నేళ్లకో మా దాకా వచ్చేది. ఇంగ్లీషు సగం బుర్రకెక్కేది కాదు. అయినా నేల ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో, ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికి మనిషి ఏం పోగొట్టుకున్నాడో బెంచీ టికెట్టువాడికి కూడా తెలిసేది. తీసినవాళ్లు ఆ రెండింటినీ తూకం వేసి తీశారు కనక తెలిసేది.

తూకమంటే సగం సినిమా నౌకలో, సగం సినిమా గ్రహం మీద అని గడియారం పెట్టుకుని కొలవడం కాదు. అంతరిక్షంలో ఉన్నప్పుడు చూసేవాడికి దూరం తెలియాలి. గ్రహం మీద దిగినప్పుడు నేల తెలియాలి. దూరం తెలిస్తేనే దిగిన నేలకి విలువ. నేల మీద మమకారం పుడితేనే దాన్ని వదిలిపోతున్నప్పుడు దిగులు. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. ఒకటి తీసేస్తే రెండోది కూలుతుంది. ఇప్పటివాళ్లు రెండూ తీసేస్తున్నారు, అదీ నా బాధ.

1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సంగతే చూడండి. పేరులోనే స్పేస్ ఉన్న ఆ సినిమా ఎక్కడ మొదలైంది? ఆఫ్రికా ఎడారి నేల మీద. ఎండిన రాళ్లు, కాసిని నీళ్లున్న గుంట, దానికోసం కొట్టుకునే వానర మూకలు. దాదాపు పాతిక నిమిషాలు మనిషి మాట అన్నదే వినపడదు. ఆ కొండలూ ఆకాశమూ నైరుతి ఆఫ్రికాలో తీసుకొచ్చిన ఫొటోలు. లండన్ దగ్గర స్టూడియోలో వాటిని వెనక తెర మీద వెలిగించి, ముందు మట్టీ రాళ్లూ పోసి తీశారు. ఆ వెలుగు తగిలి చిరుతపులి కళ్లు నిప్పుల్లా మెరిశాయి. ఆ కళ్లు చూస్తే భయం వేసింది. కిందున్న మట్టి నిజం మట్టి, మృగం నిజం మృగం.

ఆ తర్వాత వానరం పైకి విసిరిన ఎముక గాల్లో తిరుగుతూ ఉండగానే కత్తిరించి, కక్ష్యలో తిరిగే యంత్రాన్ని చూపించాడు. లక్షల ఏళ్లు ఒక్క కత్తెర వేటుతో దాటించాడు. ఇక్కడే ఆయన గొప్పతనం చూడండి. కాలాన్ని రెప్పపాటులో దాటించినవాడు, దూరాన్ని మాత్రం దాటించలేదు. భూమి నుంచి చంద్రుడి దాకా ప్రయాణం ఉన్నదున్నట్టు కూర్చోబెట్టి చూపించాడు. నౌకలో ఫ్లాయిడ్ అనే పెద్దమనిషి నిద్రపోతుంటాడు. అతని చేతి దగ్గర్నుంచి పెన్ను జారి గాల్లో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. నౌకలో సేవ చేసే అమ్మాయి నేలకి అంటుకునే బూట్లతో ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేసుకుంటూ వచ్చి, పెన్ను పట్టుకుని అతని జేబులో పెడుతుంది. పెద్ద గాజు పలకకి పెన్ను అంటించి, పలకని తిప్పారు, అంతే కిటుకు. కానీ ఆ అమ్మాయి నడక చూస్తుంటే, కాలికింద నేల లేకపోవడమంటే ఏమిటో మన అరికాళ్లకి తెలుస్తుంది.

గురుగ్రహం వైపు వెళ్లే నౌకలో మనుషులు నడవడానికి తిరిగే చక్రం లాంటి గది కట్టించారు. 38 అడుగుల వ్యాసం, 30 టన్నుల బరువు, ఏడున్నర లక్షల డాలర్ల ఖర్చు. అందులో ఒక మనిషి గోడ మీదా కప్పు మీదా గుండ్రంగా పరిగెడుతూనే ఉంటాడు. ఎంత పరిగెత్తినా ఎక్కడికీ పోడు. నెలల తరబడి సాగే ప్రయాణం ఎంత విసుగో ఆ ఒక్క పరుగుతో చెప్పాడు. అదే మనిషికి భూమి నుంచి అమ్మానాన్నలు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపిస్తారు. వాళ్లు నవ్వుతూ పాట పాడుతుంటే అతను ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని వింటాడు. ఇల్లు ఎంత దూరమైపోయిందో చెప్పడానికి అంకెలు అక్కర్లేదు, ఆ ముఖం చాలు.

అంతరిక్షంలో గాలి లేదు, గాలి లేనిచోట చప్పుడు లేదు. ఆ సంగతిని కుబ్రిక్ భయంగా మార్చాడు. నౌకలోని వ్యోమగామి బోమన్ తలకి హెల్మెట్ లేకుండా నౌక తలుపులోంచి లోపలికి విసిరేసుకున్నప్పుడు అంతా నిశ్శబ్దం. తలుపు మూసుకుని గాలి నిండిన తర్వాతే హోరుమని చప్పుడు. హాల్లో మేమందరం ఊపిరి బిగబట్టాం. ఇప్పుడో? శూన్యంలో నౌక పేలితే సీటు అదిరేలా ధ్వని. ఆ అలవాటు 'స్టార్ వార్స్'తోనే బలపడిందని నాకూ తెలుసు. అందులో మిగతా తూకం సరిగ్గా ఉంది కనక ఆ చప్పుడు చెల్లింది. ఇప్పుడు చప్పుడొక్కటే మిగిలింది.

ఆ 'స్టార్ వార్స్' 1977లో వచ్చింది. అదే ఏడాది మనకి 'యమగోల' వచ్చింది. మన జనానికి లోకాల మధ్య తేడా ఒకరు నేర్పక్కర్లేదు. పౌరాణికాల్లో స్వర్గం వేరు, పాతాళం వేరు, యమలోకం వేరు. ఒక లోకం నుంచి ఇంకో లోకానికి నారదుడు మబ్బుల్లో పాడుకుంటూ పోతాడు. ఆ పాట అయ్యేదాకా మనమూ మబ్బుల్లోనే ఉంటాం. ప్రయాణమన్న ఆ కాస్త విరామం మన పెద్దలు వదల్లేదు. యముడు భూలోకానికొస్తే ఇక్కడి తిండి, ఇక్కడి రూలు, ఇక్కడి రద్దీ ఆయన్ని ఇబ్బంది పెట్టాలి. 'యమగోల'లో జనాన్ని నవ్వించింది అదే. పరాయి నేల పరాయిదిగా తగలాలన్న సూత్రం మనకి హాలీవుడ్ నేర్పింది కాదు.

జార్జ్ లూకాస్ తీసిన ఆ మొదటి 'స్టార్ వార్స్'లో టాటూయిన్ అనే ఎడారి గ్రహం ఉంది. ట్యునీసియా వెళ్లి తీశారు. దాదాపు సగం సినిమా అక్కడే నడుస్తుంది. ల్యూక్ అనే కుర్రాడి పెదనాన్న గాల్లోంచి నీటితేమ పట్టే వ్యవసాయం చేస్తాడు. ఇల్లు నేలలో తవ్విన గుంతలో ఉంటుంది. పనిముట్లు పాతవి, గోడలకి పెచ్చులు, రోబోల ఒంటి మీద దుమ్ము. సాయంత్రం ఆ కుర్రాడు బయటికొచ్చి నిలబడితే రెండు సూర్యుళ్లు ఒకేసారి అస్తమిస్తుంటాయి. ఇసుకలో నిలబడి ఆకాశంలోకి చూసే ఆ చూపు కోసం అంతసేపు ఎడారిలో తిప్పాడు. అక్కడినుంచి బయటపడాలని వాడికి ఎంత ఆశో మనకీ అంతే ఆశ పుడుతుంది. అందుకే నౌక పైకి లేచినప్పుడు గుండె లేచింది.

1980లో దానికి కొనసాగింపుగా వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' ఇంకా గొప్ప పాఠం. మొదట మంచు గ్రహం హోత్. నార్వేలో ఫిన్సే అనే చోట, మంచుతుఫానులో తీశారు. బయట నిలబడలేక కెమెరా హోటల్ గుమ్మంలో పెట్టి, నటుణ్ణి మంచులోకి పంపి తీసిన సన్నివేశాలున్నాయి. ఆ చలి తెర మీద కనిపిస్తుంది. తర్వాత కథ రెండు పాయలవుతుంది. ఒక పాయ డాగోబా అనే బురద అడవిలో, ముసలి గురువు దగ్గర ల్యూక్ శిక్షణ. రెండో పాయ ఆకాశంలో, గ్రహశకలాల మధ్య దాక్కుంటూ పారిపోయే నౌక. ఇక్కడ నిలిచిన నీరు, అక్కడ తిరుగుతున్న రాళ్లు. ఇక్కడ ఓపిక, అక్కడ తొందర. ఒకటి చూపించి ఇంకోటి, మళ్లీ మొదటిది.

ఇంతకీ ఆ నౌక ఎందుకు గ్రహశకలాల మధ్య ఇరుక్కుంది? దాని వేగయంత్రం చెడిపోయింది కనక. మీట నొక్కితే గీతలు రావు, మోటారు గురగురమని ఊరుకుంటుంది. ఆ ఒక్క చెడిపోవడంతో ఆకాశం దారి కాకుండా చోటైంది. ఆ ఆకాశంలో గుహలు దొరికాయి, దాక్కునే మూలలు దొరికాయి, ఇరుకు గదిలో నౌక నడిపే హాన్, రాకుమారి లేయాల ప్రేమ దొరికింది. రాసినవాళ్లకి తెలుసు, తలచుకున్న క్షణంలో ఎక్కడికైనా పోగలిగే నౌక ఉంటే కథ ఉండదని. నలభై ఏళ్ల తర్వాత అదే పరంపరలో సినిమాలు తీసినవాళ్లకి ఆ ముక్క ఎలా మరుపొచ్చిందో నాకు అంతుపట్టదు.

1979లో రిడ్లీ స్కాట్ 'ఏలియన్' తీశాడు. ఆ నౌక గ్రహం మీద దిగడమే ఒక అధ్యాయం. పెద్ద ఓడ నుంచి విడివడాలి, మబ్బుల్లోకి దూకాలి, మొత్తం వణకాలి, దిగాక ఏదో కాలిపోవాలి. మరమ్మతుకి సమయం పడుతుంది కనక అక్కడే ఆగాలి. ఆగారు కనక ముగ్గురు బయటికి నడిచారు. హోరుగాలి, చీకటి, హెల్మెట్ అద్దం మీద ఆవిరి. అక్కడి సెట్లు ఇంకా పెద్దవిగా కనపడాలని కొన్ని షాట్లలో పెద్దవాళ్ల బదులు చిన్నపిల్లలకి అంతరిక్ష దుస్తులు తొడిగి నడిపించారు, వాళ్లలో స్కాట్ కొడుకులూ ఉన్నారు. గ్రహం మీద గడిపింది కొద్దిసేపే. కానీ ఆ గ్రహం చీకటి వాళ్ల వెంటే నౌకలోకొచ్చింది. మిగతా సినిమా అంతా ఆ నేల చేసిన పాపమే. గ్రహం మీద కొంచెంసేపే ఉన్నా బరువు ఎలా ఉంటుందో అది చూసి నేర్చుకోవాలి.

రష్యావాడు తార్కోవ్‌స్కీ 1972లో తీసిన 'సొలారిస్' మాకు ఫిల్మ్ సొసైటీ వాళ్ల పుణ్యమా అని దక్కింది. కథ ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే కేంద్రంలో. కానీ ముప్పావు గంటకి దగ్గరగా భూమి మీదే ఉంచుతాడు. చెరువు నీళ్లలో ఊగే నాచు, తండ్రి ఇల్లు, వసారాలో టీ కప్పులోకి పడుతున్న వాన. అసలు అంతరిక్ష ప్రయాణాన్ని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. అయినా దూరం తెలిసింది. ఎలాగంటారా? కేంద్రంలో ఉన్న పాత శాస్త్రవేత్త కొత్తగా వచ్చినవాడికి ఒక చిట్కా చెబుతాడు. కాగితాన్ని సన్నటి పీలికలుగా చింపి గాలి వచ్చే గొట్టానికి కట్టుకో, రాత్రిపూట ఆకుల గలగలలా వినిపిస్తుందని. కిటికీ అవతల సముద్రంలా కదిలే వింత గ్రహం, ఇవతల కాగితం ముక్కల చప్పుడు వింటూ నిద్రపోవాలనుకునే మనిషి. ఆ కాగితం ముక్కలు చూసినప్పుడు నాకు మా పెరట్లో చెట్లు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. కోట్ల రూపాయల గ్రాఫిక్స్ ఆ పని చేయగలవా?

ఇక ఇప్పటి సంగతి. 2016లో 'స్టార్ వార్స్' పరంపరలోనే 'రోగ్ వన్' వచ్చింది. మొదటి అరగంటలో గ్రహం తర్వాత గ్రహం చూపిస్తూ, ఒక్కోదాని పేరు తెర మీద అక్షరాల్లో వేశారు. పేరు చదివేలోపు ఇంకో గ్రహం. పేరు రాసి చూపించాల్సి వచ్చిందంటే ఆ నేలకి తనదంటూ ఏ గుర్తూ లేదన్నమాట. నిజం చెప్పాలి కనక చెబుతాను, అదే సినిమా ఆఖరి యుద్ధం నాకు నచ్చింది. కింద స్కారిఫ్ అనే గ్రహం తీరంలో దొరికిన నక్షాలని పైనున్న నౌకలకి అందించాలి. మధ్యలో గ్రహం చుట్టూ కవచం. పైవాళ్లు కవచం పగలగొట్టాలి, కిందివాళ్లు సందేశం పంపాలి. నేలకీ నింగికీ మధ్య అడ్డు పెట్టగానే రెండింటికీ ప్రాణం వచ్చింది. చేయగలిగిన తెలివి ఉండీ మొదటి సగంలో ఎందుకు చేయలేదు?

2019లో అదే పరంపరలో వచ్చిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' ఆ తూకాన్ని ఇంకా చెడగొట్టింది. మొదట్లోనే ఒక నౌక శత్రువుల్ని తప్పించుకోవడానికి కాంతివేగంతో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి, అక్కణ్నుంచి మరో చోటుకి గెంతుతూ పోతుంది. ఒక్కోటి ఒక్కో లోకం. కన్నార్పితే ఒకటి పోతుంది. ఏళ్ల తరబడి కళాకారులు ఊహించి గీసిన లోకాలవి! ఒక్కోదాని మీద ఒక్కో సినిమా తీయొచ్చు. వాటిని వేగం చూపించడానికి వాడి పారేశారు. మా మనవడు పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాడు. 'ఇప్పుడు దాటొచ్చిన చోట్లలో ఒక్కటి ఎలా ఉందో చెప్పరా నాన్నా' అన్నాను. 'అవన్నీ ఎవరికి గుర్తుంటాయి తాతయ్యా' అన్నాడు. తప్పు వాడిది కాదు. గుర్తుండేలా తీయలేదు.

ఇంకో తెగులు, పరాయి గ్రహం మీద దిగగానే ఇంటికొచ్చినట్టు తిరగడం. ఏలియన్ తీసిన రిడ్లీ స్కాటే 2012లో 'ప్రొమీథియస్' తీశాడు. కొత్త గ్రహంలో కట్టడం లోపలికి అడుగుపెట్టిన శాస్త్రవేత్తలు గాలి బాగానే ఉందని హెల్మెట్లు తీసేస్తారు. అంతదూరం వెళ్లిన చదువుకున్న మనుషులు చేసే పనేనా అది? అదే జేమ్స్ కామెరూన్ 2009లో 'అవతార్'లో ఎంత జాగ్రత్తపడ్డాడు! నాయకుడు నౌకలో దాదాపు ఆరేళ్ల నిద్ర నుంచి లేచి బరువు లేకుండా తేలుతూ బయటికొస్తాడు. నిండా కొన్ని నిమిషాలు కూడా పట్టని దృశ్యం. పండోరా మీద దిగగానే ముసుగు పెట్టుకోకపోతే చస్తారని హెచ్చరిక. అంతే, దూరమూ తెలిసింది, నేల మనది కాదనీ తెలిసింది. ఆఖర్లో ఆ ముసుగే నాయకుడి ప్రాణం మీదికి తెచ్చింది.

సాంకేతికత మారింది, అందుకే ఇలా అయిందంటారు కొందరు. నేనొప్పుకోను. ఇప్పుడు పెద్ద ఎల్ఈడీ గోడల మీద గ్రహాల్ని వెలిగించి వాటి ముందు నటింపజేస్తున్నారు. కుబ్రిక్ చేసింది అలాంటి పనే కదా, ఫొటోలు వెలిగించి ముందు మనుషుల్ని నిలబెట్టాడు. తేడా గోడలో లేదు, గోడ ముందున్న మట్టిలో ఉంది. పాదం పెడితే దిగబడే ఇసుక, ముఖాన కొట్టే దుమ్ము, పగిలిన పెదవి, మాసిన బట్ట. ఇవి ఉంటే వెనక ఏ తెర ఉన్నా నమ్ముతాం.

జనానికి ఓపిక లేదంటారు ఇంకొందరు. అదీ ఒప్పుకోను. ఈ కాలంలోనే తూకం తెలిసినవాళ్లు తీసిన సినిమాలకి జనం విరగబడ్డారు. 2013లో అల్ఫోన్సో క్యురోన్ తీసిన 'గ్రావిటీ' 91 నిమిషాలు. చివరి కొద్ది నిమిషాలు తప్ప అంతా భూమి చుట్టూ కక్ష్యలోనే. నేలెక్కడ మరి? కింద నీలంగా తిరుగుతూనే ఉంది, అందకుండా. మధ్యలో ఒంటరిగా మిగిలిన మహిళా వ్యోమగామికి రేడియోలో ఎవరో భాష తెలియని మనిషి దొరుకుతాడు. అతని వెనక కుక్క అరుపు, పసిపిల్ల ఏడుపు. ఆ కుక్కతో కలిసి ఆమె కూడా ఊళపెడుతుంది. ఆఖర్న నీళ్లలో పడి, ఒడ్డుకి పాకి, తడిమట్టిని గుప్పిట పట్టుకుని, వణికే కాళ్లతో లేచి నిలబడుతుంది. గంటన్నర సినిమాకి ఆ గుప్పెడు మట్టి సరితూగింది. నిమిషాల లెక్క కాదని నేను మొదట్లో చెప్పింది ఇందుకే.

2014లో క్రిస్టఫర్ నోలన్ 'ఇంటర్‌స్టెల్లార్' కోసం కెనడాలోని ఆల్బర్టాలో 500 ఎకరాల్లో నిజంగా మొక్కజొన్న వేయించాడు. నేల చచ్చిపోతోందని చూపించాలంటే ముందు నేల ఉండాలని ఆయనకి తెలుసు. పళ్లెం బోర్లించి పెట్టుకునేంత దుమ్ము, ఒక్కో పంటా పోతూ ఉండటం, ఆఖరికి మొక్కజొన్నే మిగలడం. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనకి అది అక్షరం అక్షరం అర్థమైంది. ఆ తర్వాత నీళ్ల గ్రహం. మోకాలి లోతు నీళ్లు, దూరంగా కొండలు, అవి కొండలు కావు అలలని తెలిసిన క్షణం. అక్కడ ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. తిరిగి నౌకకొచ్చేసరికి ఇరవై మూడేళ్లు దాటిపోయాయి. తండ్రి కూర్చుని, పెద్దవాళ్లయిపోయిన పిల్లల సందేశాలు ఒక్కొక్కటీ చూస్తూ ఏడుస్తాడు. ఒక్క గ్రహం, ఒక్క దిగడం, దాని ఖరీదు పైసాతో సహా లెక్కగట్టి మన ముందు పెట్టాడు. అదే సినిమాలో శనిగ్రహం దగ్గర శూన్యానికి భయపడుతున్న తోటివాడి చెవిలో నాయకుడు ఇయర్‌ఫోన్ పెడతాడు. అందులో వాన చప్పుడు, కీచురాళ్ల అరుపు. అంతకు నలభై రెండేళ్ల ముందు 'సొలారిస్'లో చూసిన కాగితం పీలికలకి అది అచ్చమైన వారసత్వం. పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నవాడు చెడిపోడని నా నమ్మకం.

2015లో వచ్చిన 'ది మార్షియన్' కూడా అంతే. ఒకడు అంగారకుడి ఎర్ర మట్టిలో బంగాళాదుంపలు పండిస్తుంటాడు, కొందరు నౌకలో వెనక్కి పోతుంటారు, ఇంకొందరు భూమ్మీద లెక్కలు కడుతుంటారు. మూడు చోట్ల మధ్య ఒక మాట అటు నుంచి ఇటు రావడానికే నిమిషాలు పడుతుంది. జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారిలో తీసిన ఆ నేల మీద అతని ఒక్కడి అడుగుజాడలు చూస్తే చాలు, మిగతావాళ్లు ఎందుకంత కష్టపడుతున్నారో తెలుస్తుంది.

మన తెలుగువాళ్ల సంగతికొద్దాం. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' తీశారు. అందులో ప్రయాణం గ్రహాల మధ్య కాదు, కాలాల మధ్య. అయినా తూకం అంటే ఏమిటో చూడాలంటే ఆ సినిమా చూడాలి. వర్తమానం, కృష్ణదేవరాయల కాలం, భవిష్యత్తు, మూడూ మూడు లోకాలు. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. రాయలవారి కొలువులో మనల్ని తగినంతసేపు కూర్చోబెట్టారు. యంత్రం చెడి వెనక్కి ఎలా రావాలో తెలియని భయం పెట్టారు. 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' తీశాడు. మనవాళ్లు కక్ష్యలోకి అడుగుపెట్టినందుకు సంతోషించాను. కానీ ఆపద మీద ఆపద వచ్చిపడుతుంటే, ఇల్లు దూరమైందన్న దిగులు కలగడానికి నాకు తీరిక దొరకలేదు. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'లో ఎండిపోయిన గంగనీ, దాహంతో ఉన్న కాశీనీ, పైన నీళ్లూ పచ్చదనమూ దాచుకున్న కోట లాంటి కాంప్లెక్స్‌నీ చూపించాడు. నేలకి బరువు తేవడం ఆ కుర్రాడికి వచ్చు. అతనే రేపు ఆకాశంలోకి వెళితే ఆ ఎండిన గంగని మర్చిపోకూడదు.

జనానికి ఓపిక లేదన్నవాళ్లకి చివరి జవాబు నేను చెప్పక్కర్లేదు, చంద్రయాన్-3 చెప్పింది. 2023 జులై 14న మన శ్రీహరికోట నుంచి లేచింది. ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. నలభై రోజులు! భూమి చుట్టూ తిరిగి తిరిగి, చంద్రుడి చుట్టూ తిరిగి తిరిగి మెల్లగా దగ్గరైంది. ఆ చివరి నిమిషాల్లో టీవీ తెర మీద హీరో లేడు, పేలుళ్లు లేవు. తగ్గుతున్న ఎత్తు, తగ్గుతున్న వేగం, ఒక గీత మీద జారుతున్న చుక్క. ఆ చుక్కని చూస్తూ బడిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా దేశమంతా కదలకుండా కూర్చుంది. అంతకు నాలుగేళ్ల ముందు చంద్రయాన్-2 ల్యాండర్ కూలిన బాధ గుర్తుంది కనక, నలభై రోజుల దూరం తెలుసు కనక, ఆ నేల తగలగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాం. అదే కదా నేను అడిగే తూకం!

కాబట్టి కొత్తగా ఈ దారిలోకి వచ్చే కుర్ర దర్శకులకి పెద్దవాడిగా చెబుతున్నాను. మీకు శ్రీహరికోట ఉంది. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క పులికాట్ సరస్సు, ఆ నీళ్లలో చేపలు పట్టుకునే పల్లెలు, వాటి మీదుగా ఆకాశంలోకి లేచే రాకెట్లు. నేలా నింగీ పక్కపక్కనే ఉన్న అలాంటి చోటు ఎంతమందికి దొరుకుతుంది? గ్రహం కావాలంటే గండికోట లోయ ఉంది, బెలూం గుహలున్నాయి. ఎర్ర రాయి, చీకటి, నీటి గుర్తులు, అన్నీ సిద్ధం. ఒక గ్రహం చాలు, పది వద్దు. దాని మీద గాలి ఎలాంటిదో, నీళ్లెక్కడ దొరుకుతాయో, రాత్రి ఎంత పొడుగో ముందు మీరు తేల్చుకోండి. అక్కడికి పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేసి, ఆ లెక్కకి కట్టుబడండి. వెళ్లేవాడు ఎవర్ని వదిలి వెళుతున్నాడో, వాళ్ల గొంతు పైన ఎలా వినిపిస్తుందో రాసుకోండి. ఇవన్నీ తేలాకే కెమెరా ఎత్తండి. జనం చూడరన్న భయం మాత్రం పెట్టుకోకండి. నలభై రోజులు ఒక చుక్క కోసం కాచుక్కూర్చున్న జనం వీళ్లు.